వార్డెన్లకు బడ్జెట్ నేర్పించండి: గోదావరి డెల్టా విశ్వవిద్యాలయాల పెద్దలకు బహిరంగ లేఖ

గోదావరి డెల్టాలోని విశ్వవిద్యాలయాల వైస్ చాన్సలర్లకు, రిజిస్ట్రార్లకు, ఫైనాన్స్ ఆఫీసర్లకు,

నమస్కారం.

నేను ఈ డెల్టాలోనే ఒక విశ్వవిద్యాలయంలో, విద్యార్థి సంక్షేమ విభాగంలో జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. సర్వీసులో ఉండగా రెండుసార్లు, రిటైరయ్యాక ఒకసారి ఒకే విషయం మీద మా పెద్దలకు అర్జీ పెట్టుకున్నాను. మొదటిదానికి ‘పరిశీలిస్తాం’ అని జవాబొచ్చింది. రెండోది ఏ సెక్షన్లో ఆగిపోయిందో నాకు తెలుసు, ఆ సెక్షన్ మా గది పక్కదే. మూడోదానికి రసీదు కూడా ఇవ్వలేదు. అందుకని ఇప్పుడు అందరికీ కలిపి, అందరూ చదివేలా రాస్తున్నాను.

అడిగింది పెద్ద కోరికేం కాదండీ. హాస్టల్ వార్డెన్లు, సంక్షేమాధికారులు, ప్లేస్‌మెంట్ సెల్ వాళ్లు, కౌన్సెలర్లు, ఆటలూ ఆరోగ్య కేంద్రమూ చూసే సిబ్బంది ఉన్నారు కదా, వాళ్లకు బడ్జెట్ వేయడం, వేసినదాన్ని నెలనెలా చూసుకోవడం నేర్పించమన్నాను. అంతే.

ఒక పెద్దాయన నవ్వి, ‘ఇదేమైనా పెద్ద విద్యా? ఇంట్లో మీ ఆవిడ వేయట్లేదా బడ్జెట్?’ అన్నారు. వేస్తుందండి, బ్రహ్మాండంగా వేస్తుంది. ఎంత వస్తుందో ఆవిడకు తెలుసు. ఎంత పోతుందో తెలుసు. డబ్బు ఆవిడ చేతిలోనే ఉంటుంది. మన వార్డెనుకు ఈ మూడింట్లో ఒక్కటీ లేదు.

ఈ మాట డెల్టా రైతుకు చెబితే చప్పున అర్థమవుతుంది. దాళ్వా (రబీ వరి) నాట్లు పడకముందే సాగునీటి సలహా మండలి కూర్చుంటుంది. గోదావరిలో సహజంగా వచ్చే నీరెంత, సీలేరు నుంచి వచ్చేదెంత, ఎన్ని ఎకరాలకు ఇవ్వగలం అని లెక్క కడుతుంది. చాలకపోతే వంతులవారీ. ఇంత లెక్క కట్టినా శివారు రైతు ఏదో ఒక ఏడాది కాలవ గట్టున కూర్చుని ధర్నా చేయాల్సే వస్తోంది. అలాంటిది, ఏ లెక్కా చెప్పకుండా తాళం మాత్రం చేతికిచ్చి కాలవకు నీళ్లు వదిలే లస్కరును లాకు (నీటి తలుపు) దగ్గర నిలబెడితే ఎలా ఉంటుంది? మన దగ్గర వార్డెన్ల పని అదే. శివారున ఉన్నది పిల్లలు.

వార్డెన్ అంటే ఎవరు? మేం చూసినవాళ్లలో ఒకాయన వృక్షశాస్త్రం మాస్టారు. మడ అడవుల మీద పరిశోధన చేసిన మనిషి, పిల్లలకు ప్రాణం పెట్టే మనిషి. ఓ సోమవారం పొద్దున్న ఆయన చేతిలో అదనపు బాధ్యత ఆర్డరు, తాళాల గుత్తి, మూడు రిజిస్టర్లు పెట్టారు. ప్రమోషన్ కోసం ఆయన రిఫ్రెషర్ కోర్సులు చేశారు. 2023 నుంచి మాలవీయ మిషన్ పేరుతో అధ్యాపకులకు కొత్త శిక్షణలూ వచ్చాయి. మంచిదే. కానీ ఆయన వెళ్లొచ్చిన ఏ కోర్సులోనూ మెస్ బిల్లు ఎలా పుడుతుందో చెప్పలేదు. మా సెక్షన్‌లోనూ ఎవరూ చెప్పలేదు. మాకూ ఎవరూ చెప్పలేదు కాబట్టి.

దీనివల్ల ఎవరికి ఏం జరుగుతోందో, కళ్లారా చూసిందే రాస్తాను.

1. మెస్ బిల్లు. మన హాస్టళ్లలో చాలావాటిలో డివైడింగ్ పద్ధతి. నెల ఖర్చంతా కూడి, పిల్లలు తిన్న రోజులతో భాగిస్తారు. లెక్క చూపించడం కోసం ఒక హాస్టల్ అనుకుందాం. 400 మంది పిల్లలు. వంటవాళ్ల జీతాలు, కరెంటు, మరమ్మతులు కలిపి నెలకు 2,40,000 రూపాయలు. ఎంతమంది తిన్నా, తినకపోయినా ఈ ఖర్చు తప్పదు. బియ్యం, పప్పు, కూరగాయలు, గ్యాసు కలిపి ఒక్కరికి రోజుకు 60 రూపాయలు. అందరూ 30 రోజులూ ఉంటే తిన్న రోజులు 12,000. తప్పని ఖర్చు రోజుకు 20 రూపాయలు పడుతుంది, మొత్తం 80. సంక్రాంతి నెలలో అందరూ సగం రోజులే ఉన్నారనుకోండి, తిన్న రోజులు 6,000. తప్పని ఖర్చు రోజుకు 40 అవుతుంది. మొత్తం 100.

సరుకుల ధర ఒక్క రూపాయి పెరగలేదు. ఎవరూ ఏమీ తినేయలేదు. అయినా నోటీసు బోర్డు మీద రోజు రేటు 80 నుంచి 100కి ఎక్కింది. మా వృక్షశాస్త్రం మాస్టారికి జరిగింది అచ్చం ఇదే. ఆ నోటీసు మీద ఎవరో బాల్ పెన్నుతో ‘దొంగ’ అని రాశారు. సాయంత్రం పిల్లలు ప్లేట్లతో మెస్ ముందు కూర్చున్నారు. ఆయన మధ్యలో నిలబడి ‘పైనుంచి అలాగే వచ్చిందమ్మా’ అన్నారు. అంతకుమించి ఆయనకు తెలియదు. స్థిర ఖర్చు, మారే ఖర్చు అన్న రెండు మాటలు తెలిసుంటే పావుగంటలో బోర్డు మీద వేసి చూపించేవారు. అంతకన్నా ముఖ్యం, డిసెంబరులోనే ‘వచ్చే నెల రేటు పెరుగుతుంది, ఇదీ కారణం’ అని చెప్పేవారు. ఆయన వార్డెన్‌గిరీ వదిలేశారు. తర్వాతి నెల సాంబారు పలచనైంది. రేటు తగ్గించడానికి కొత్త వార్డెనుకు తెలిసిన దారి అదొక్కటే.

గుడ్ల సంగతీ ఇక్కడే చెప్పాలి. అనపర్తి, తణుకు చుట్టూ ఇన్ని కోళ్ల ఫారాలున్న చోట ఉన్నాం. గుడ్డు ధర రోజూ ప్రకటిస్తారు, చలికాలంలో పైకి పోతుందని ఇక్కడ చిన్నపిల్లాడికీ తెలుసు. మా మెస్ అంచనాలో మాత్రం పన్నెండు నెలలకూ ఒకే రేటు, అదీ వేసవిలో అడిగిన రేటు. డిసెంబరు వచ్చేసరికి వారానికి నాలుగు గుడ్లు రెండయ్యేవి.

2. మార్చి నెల. ఒక ఏడాది మార్చి 28 సాయంత్రం మాకు కబురొచ్చింది, ఆటల పద్దులో డబ్బు మిగిలింది, 31 లోగా ఖర్చు పెట్టకపోతే మురిగిపోతుందని. రాత్రి తొమ్మిదింటికి ట్రాలీ ఆటోలో 40 క్యారమ్ బోర్డులు దిగాయి. ఏప్రిల్‌లో పరీక్షలు, మేలో సెలవులు. పాలిథిన్ కవర్లు కూడా విప్పకుండా స్టోర్ రూములో గోడకు చేర్చాం. నేను రిటైరయ్యేనాటికి కింది వరసకు చెద పట్టింది. అంతకుముందు అక్టోబరులోనే అమ్మాయిల వాలీబాల్ జట్టు పోటీలకు వెళ్లడానికి రైలు చార్జీలు అడిగితే, ‘బడ్జెట్ లేదు’ అని ఫైలు మీద రాసింది నేనే. వాళ్లు క్లాసుల్లో తిరిగి చందాలు వేసుకుని వెళ్లారు. పద్దు అదే, డబ్బూ అదే. అందులో ఎంత మిగిలి ఉందో చెప్పే కాగితం మా సెక్షన్‌కు ఫిబ్రవరి దాటితే తప్ప వచ్చేది కాదు. ఆర్డరిచ్చి బిల్లు రానివి ఎన్నో రాసుకునే రిజిస్టరు అసలే లేదు. దాంతో ఒక నెల లేని డబ్బు ఉందనుకునేవాళ్లం, ఇంకో నెల ఉన్న డబ్బు లేదనుకునేవాళ్లం.

దీనికి మూలం ఒకటుంది. పిల్లల ఏడాది జూన్, జులైలలో మొదలవుతుంది. డబ్బు ఏడాది ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. ఒక చదువు సంవత్సరం రెండు బడ్జెట్ల మీద పడుతుంది. దాన్ని నెలలవారీగా ఎలా పరచుకోవాలో నేర్పితే వచ్చే విద్యే. మేం చేసిందల్లా పోయినేడు అంకె మీద పది శాతం కలిపి పంపడం. ఆ కాగితాలు టైపు చేసిన చేతుల్లో నావీ ఉన్నాయి.

ఫైనాన్స్ వాళ్ల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. విభాగాలు ప్రతిపాదనలు ఆలస్యంగా పంపుతాయి, పంపినవాటికి ఆధారం ఉండదు, అడిగితే చెప్పేవాళ్లు ఉండరు. అలాంటప్పుడు ఎవరైనా కత్తెరే పట్టుకుంటారు. వాళ్లను తప్పుపట్టలేను.

3. కాషన్ డిపాజిట్. ఇది పిల్లల డబ్బు. చదువు అయిపోయాక తిరిగివ్వాల్సిన బాకీ. నేను చూసిన కాలంలో చాలామంది సిబ్బంది దీన్ని ఆదాయం కిందే లెక్కవేసేవారు. అందరి డబ్బూ ఒకే ఖాతాలో కలిసేది, మెస్ సప్లయరు గొడవ చేస్తే అందులోంచే సర్దేవాళ్లం. చివరి ఏడాది పిల్లలు నోడ్యూస్ (బాకీలేమీ లేవన్న కాగితం) పట్టుకుని వచ్చేసరికి ఖాతాలో ఉండేది కాదు. ఉద్యోగం వచ్చి హైదరాబాదు వెళ్లిన పిల్లాడు ఆ కాస్త డబ్బు కోసం సెలవు పెట్టి వస్తాడా? వదిలేసుకుంటాడు. కూలి పనికి పోయే తండ్రి మాత్రం బస్సెక్కి వస్తాడు, రెండుసార్లు, మూడుసార్లు. బస్సు చార్జీలు, పోయిన కూలి కలిపితే వచ్చే డబ్బులో ఎంత మిగులుతుందో మీరే లెక్కేయండి.

4. వరద, కోత, ఫీజు గడువు. ఈ మూడింటినీ ఒకే కాగితం మీద పెట్టి చూసినవాళ్లు మా ఆఫీసులో ఎవరూ లేరు. 2022 జులైలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి 17.75 అడుగుల మూడో ప్రమాద హెచ్చరిక దాటి, పాతిక లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి పోయింది. గోదావరి నడుమ ఉన్న లంకల్లోకి నీళ్లొచ్చాయి. ఆ వారం మా సెక్షన్ ఫోన్ ఆగలేదు. ‘సార్, ఇంట్లోకి నీళ్లొచ్చాయి, సర్టిఫికెట్లు అటక మీద పెట్టాం, ఫీజు గడువు రేపే అంటున్నారు’ అని ఒకమ్మాయి చెప్పిన గొంతు ఇంకా గుర్తుంది. గడువు మార్చే అధికారం మాకు లేదు. అపరాధ రుసుము దానంతటదే పడిపోయింది. దాన్ని మాఫీ చేయమని మేం పెట్టిన ఫైలు సంక్రాంతికి తిరిగొచ్చింది. వరద మనకు కొత్తా? ఏటా జులై, ఆగస్టు నెలల్లో వస్తుందో రాదోనని ఎదురుచూసే ఊళ్లే కదా మనవి. అయినా ఏ హాస్టల్ బడ్జెట్‌లోనూ వరద పేరుతో ఒక్క పద్దు నేను చూడలేదు.

వరద లేని ఏడాదైనా గడువులు ఇంటి రాబడితో కలవవు. సార్వా (ఖరీఫ్) ధాన్యం డబ్బు చేతికొచ్చేది డిసెంబరు, జనవరి నెలల్లో. దాళ్వా డబ్బు మే, జూన్‌లలో. కౌలు రైతుకు అందులోంచే మగతా (భూమి కౌలు) పోవాలి, ఎరువుల కొట్టు బాకీ పోవాలి. మన ఫీజు గడువు ఆగస్టులో వస్తుంది. పెట్టుబడంతా మడిలో ఉండి జేబు ఖాళీగా ఉండే నెల అది. అప్పుడు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కడతారు. 2020లో హాస్టల్, మెస్ ఖర్చుల కోసం వసతి దీవెన పథకం మొదలైనప్పుడు డిగ్రీ, ఆపై చదివేవాళ్లకు ఏడాదికి 20,000 రూపాయలు రెండు విడతలుగా తల్లుల ఖాతాల్లో వేస్తామన్నారు. ఆ విడత రావడం మెస్ బకాయి గడువుకు వెనకపడితే నడుమ నలిగేది పిల్లలే. పథకాల పేర్లు మారతాయి, ఈ సందు మాత్రం మారదు. ఏ నెల ఎంత వస్తుంది, ఏ నెల ఎంత కట్టాలి అని రాసుకున్న వార్డెన్ అయితే సప్లయరుతో ముందే మాట్లాడుకుని రెండు నెలలు ఆగగలడు. రాసుకోని వార్డెన్ హాల్ టికెట్ ఆపుతాడు. ఆయన క్రూరుడై కాదు. చేతిలో అదొక్క మీటే ఉంది కాబట్టి.

5. కౌన్సెలర్. విద్యార్థుల మానసిక ఆరోగ్యం చూడటానికి ప్రతి విద్యాసంస్థలో ఒక విద్యార్థి సేవల కేంద్రం ఉండాలని యూజీసీ 2023లో మార్గదర్శకాలిచ్చింది. బోర్డు పెట్టడం తేలిక. జీతం ఏ పద్దులోంచి ఇవ్వాలో ఎవరూ రాయలేదు కాబట్టి కంటింజెన్సీ (చిల్లర ఖర్చుల) పద్దులోంచి ఇస్తే, ఆ డబ్బు అయిపోయిన నెల కౌన్సెలర్ రారు. పరీక్షల టెన్షన్‌తో నిద్రపట్టని పిల్లాడు తలుపు తట్టే నెల కూడా అదే.

6. సొంత జేబు. అర్ధరాత్రి జ్వరంతో పడిపోయిన పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఆటో డబ్బులు ఎవరిస్తారు? కేర్‌టేకర్. తిరిగొస్తాయా? బిల్లు ఉంటే. ఆటోవాడు బిల్లివ్వడు.

ఇక మీ వైపు నుంచి వచ్చే మాట నాకు తెలుసు, ‘ఆడిట్ ఉంది కదా’ అని. ఉందండి. ఆడిట్ వచ్చేది అంతా అయిపోయాక. అభ్యంతరం రాసి, దానికి మేం జవాబు రాసి, అది సరిపోలేదని వాళ్లు మళ్లీ రాసేసరికి ఆ మెస్‌లో తిన్న పిల్లలు పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని కంటారు. విద్యాసంస్థలకు గ్రేడులిచ్చే న్యాక్ బృందం వచ్చే వారం కొత్త కర్టెన్లు కట్టడానికి మాత్రం ఎప్పుడూ డబ్బుకు లోటు రాలేదు. ఆ న్యాక్ ప్రమాణాల్లోనే ఐదోది విద్యార్థులకు ఇచ్చే ఊతం గురించి ఉండేది. ఆరోదాని కింద బోధనేతర సిబ్బందికి ఏం శిక్షణ ఇచ్చారని కూడా అడుగుతూ వచ్చారు. ఆ గడి నింపడానికైనా మా మాట వినండి.

మేం కోరేవి ఇవి:

1. ప్రతి ఏడాదీ బడ్జెట్ ప్రతిపాదనల సర్క్యులర్ వెళ్లకముందే, సెప్టెంబరులో, విద్యార్థి సేవల సిబ్బందికి ఐదు రోజుల శిక్షణ. తెలుగులో. స్లైడ్లతో కాదు, వాళ్ల హాస్టల్ లెడ్జరే ముందు పెట్టి. స్థిర ఖర్చు, మారే ఖర్చు విడదీయడం; ఏడాది అంకెను నెలలకు పరచడం; ఆర్డరిచ్చి బిల్లు రానివి రాసుకోవడం; అంచనాకూ అసలు ఖర్చుకూ తేడా ఎందుకొచ్చిందో అరపేజీలో రాయడం; ఏది ఆదాయం, ఏది పిల్లలకు బాకీ అన్నది తెలుసుకోవడం; యూసీ (డబ్బు వినియోగ ధ్రువపత్రం) సకాలంలో పంపడం; చివరి రోజు మొత్తం, ఆ లెక్కను విద్యార్థులకు అర్థమయ్యేలా చెప్పడం. నేర్పడానికి రిటైరైన అకౌంట్స్ ఆఫీసర్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ముప్ఫై ఏళ్లుగా మెస్ నడిపిన మేనేజర్లను కూడా పిలవండి, వాళ్లకు తెలిసినవి ఏ పుస్తకంలోనూ లేవు.

2. కొత్త వార్డెనుకు తాళాలిచ్చేముందు పాత వార్డెన్ రెండు రోజులు పక్కన కూర్చుని లెక్కలు అప్పజెప్పాలి. సంతకం ఆ తర్వాతే.

3. ప్రతి నెలా పదో తేదీలోగా ప్రతి విభాగానికి ఒక్క పేజీ: పద్దు ఎంత, ఖర్చెంత, ఇవ్వాల్సినవెంత, మిగిలిందెంత. ఇది రాకపోతే శిక్షణ ఇచ్చీ దండగే. లాకు తిప్పడం నేర్పి, కాలవలో నీటిమట్టం చెప్పకపోవడం లాంటిది.

4. బడ్జెట్ అంచనాలు వేసే సమావేశంలో విద్యార్థి సేవల నుంచి ఒకరికి కుర్చీ. ఫైలు పట్టుకుని వరండాలో నిలబడటానికి కాదు.

5. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రోజు నుంచి, లంక గ్రామాల విద్యార్థుల ఫీజు గడువులన్నీ దరఖాస్తు అడగకుండానే నెల రోజులు ముందుకు జరగాలి. ప్రతి హాస్టల్ బడ్జెట్‌లో వరద పద్దు ఉండాలి. రైతు, కౌలు రైతు కుటుంబాల పిల్లలకు జనవరి, జూన్ వాయిదాలు ఇవ్వాలి.

6. కాషన్ డిపాజిట్లకు విడి ఖాతా. నోడ్యూస్ ఇచ్చిన రోజే డబ్బు పిల్లల ఖాతాలో పడాలి.

7. మెస్ లెక్క నోటీసు బోర్డు మీద పెట్టండి, రోజు రేటు ఒక్కటే కాదు, అది ఎలా వచ్చిందో మొత్తం.

ఖర్చెంతవుతుందని అడుగుతారు. ఐదు రోజుల భోజనాలు, టీలు, నేర్పేవాళ్లకు దారి ఖర్చులు. ఆ 40 క్యారమ్ బోర్డులకు పెట్టినదానికంటే ఎక్కువ కాదు. ఆ బిల్లు పాస్ చేసింది మా సెక్షనే కాబట్టి చెబుతున్నాను.

ఈ ఏడాది ప్రతిపాదనల సర్క్యులర్ వెళ్లేలోగా మీ జవాబు కోసం చూస్తాం. రాకపోతే, రిటైరైన మేం కొందరం కలిసి ఆదివారాలు మేమే పాఠం మొదలుపెడతాం. రాదలచుకున్న వార్డెన్లు ఎవరైనా రావచ్చు. పాఠానికి లెడ్జర్లు కావాలి కాబట్టి, సమాచార హక్కు చట్టం కింద ఐదేళ్ల హాస్టల్ ఖాతాల నకళ్ల కోసం పది రూపాయల ఫీజుతో దరఖాస్తులు పెడతాం. వాటికి మీకు 30 రోజుల గడువుంటుంది.

ఇట్లు,
విద్యార్థి సంక్షేమ విభాగం విశ్రాంత సూపరింటెండెంట్,
కోనసీమ